చక్రం కింద ఇటుక

గ్లాసులో కాఫీ పొడి అడుక్కి దిగిపోయింది. పైన నల్లటి నీళ్ళు చల్లారిపోయాయి. వర్దొయో అటువైపు కూడా చూడలేదు.

"కాఫీ," అంది కినాసి.

"చూశాను."

"చల్లారింది. మళ్ళీ కలపనా?"

"కాఫీ సంగతి తర్వాత. నిన్న మీ అన్నయ్య ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీకుండా చేశావు. ముందు దానికి జవాబు చెప్పు."

కినాసి పొయ్యి మంట తగ్గించి, మూకుట్లో వేగుతున్న సోయాగింజల టెంపె ముక్కల్ని తిరగేసింది.

నిన్న సాయంత్రం ఆ మాట నోటికి ఎలా వచ్చిందో తనకే తెలీదు. మగవాళ్ళిద్దరూ లేచి నిలబడ్డారు. కారు బేరం ఖాయమైనట్టు చెయ్యీ చెయ్యీ కలపబోతున్నారు. టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ తను, "ఒక్కరోజు ఆగకూడదూ?" అంది. అంతే. చాచిన చేతులు రెండూ వెనక్కి పోయాయి. అన్నయ్య సుగెంగ్ నవ్వేశాడు. "ఆగుదాం, దానికేం పోయింది? ఆడపడుచు మాట," అంటూ కారు ఇక్కడే వదిలేసి బస్సెక్కి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ వర్దొయో నోరు విప్పడం ఇదే.

"మీ పరువు తియ్యాలని అనలేదు, మస్."

"మరి ఎందుకన్నావు? వీధిలో పోయేవాడి కారా అది? నీ తోడబుట్టినవాడిది. పరాయివాడైతే మోసం చేస్తాడేమోనని భయపడాలి. ఇంట్లోవాడి దగ్గర కూడా భయమేనా నీకు?"

"భయం నాకు కొత్తా? రింతిక్ పుట్టినప్పటినుంచీ నేను దేనికి భయపడలేదో చెప్పండి."

వేరే రోజైతే ఆ మాటకి అతను నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు.

నాలుగేళ్ళ రింతిక్ గుమ్మంలో చతికిలబడి, కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడుక్కుంటోంది. తలెత్తి అడిగింది: "అమ్మా, ఏ మస్ మీద కోపం నీకు? మనింటి మస్ మీదా, అమ్మమ్మ ఇంటి మస్ మీదా?"

ఆ ఇంట్లో అదో పాత హాస్యం. అన్ననీ మస్ అనే పిలవాలి, మొగుణ్ణీ మస్ అనే పిలవాలి. కినాసి ఇద్దర్నీ అలాగే పిలుస్తుంది. పిల్లకి మాటలొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ: "నీకు ఇద్దరు మస్‌లున్నారు, నాకు ఒక్కడూ లేడు. నాకో పెద్ద మస్‌ని కని ఇవ్వు."

"ఎవరి మీదా కోపం లేదు. చెప్పులు తిరగేసి వేసుకో."

"ఇవాళ గెంబుల్ ఎక్కి వెళ్తున్నాం కదా?"

తండ్రి తల్లి వైపు చూశాడు. తల్లి మూకుడు వైపు చూసింది. టెంపె ముక్కలు ఒక పక్క మాడాయి.

*

గెంబుల్ అంటే ఆ కారు. బుగ్గలు పొంగిన బొద్దు పిల్లాడిలా ఉంటుందని సుగెంగ్ పెట్టుకున్న పేరు. వాళ్ళ నాన్న పెళ్ళినాటికే అది పాత కారట. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, వెనక సీట్లో కూర్చుంటే కాళ్ళు చాపుకునేంత చోటు. ఇప్పుడు ఇంటి వాకిట్లో, గేటు వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. వాకిలి గేటు వైపు కొంచెం వాలుగా ఉంటుంది. గేటు దాటితే సందు నిలువునా కిందికి దిగుతుంది.

వర్దొయో ఆమెను చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చాడు. గట్టిగా పట్టుకోలేదు, కానీ వదల్లేదు.

"నీ కళ్ళతో నువ్వే చూడు. మస్ వెళ్ళాక నేను ఊరికే కూర్చోలేదు."

కూర్చోలేదు. అది ఆమెకీ తెలుసు. వర్దొయో తొందరపాటు మనిషి కాదు. అయస్కాంతానికి పాత మేజోడు తొడిగి బండి ఒళ్ళంతా పాకించాడు. రేకుకి అతుక్కుంటే అసలు రేకు, పట్టు తప్పి జారితే రంగు కింద పుట్టీ. ఇంజన్ పూర్తిగా చల్లబడేదాకా ఆగి అప్పుడు స్టార్ట్ చేశాడు. ముందే వేడి చేసి ఉంచిన ఇంజన్ ఎవరిదైనా బుద్ధిమంతురాల్లాగే ఉంటుందని అతని లెక్క. పొగ రంగు చూశాడు. ఆయిల్ పుల్ల లాగి, వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూశాడు. తలుపులు తీసి వేసి చప్పుడు విన్నాడు. కింద అట్టపెట్టె చింపి పరిచాడు. పొద్దున్న చూస్తే అట్ట మీద ఒక్క చుక్క లేదు. ఆ అట్ట ఇప్పుడు ఆమె మొహం ముందు పెట్టాడు.

"చూడు. నీ వంటింటి గట్టు కూడా ఇంత శుభ్రంగా ఉండదు."

"బాగానే ఉంది."

"బాగానే ఉంది కదా? మరి ఇంకేం చూడాలో చెప్పు. చూస్తాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు చూస్తాను. కారణం లేకుండా వద్దంటే మాత్రం నేనేం చెయ్యను?"

ఆ మెత్తదనం ముందు కినాసి అట్టని మెల్లగా పక్కకి నెట్టింది. కసిరి ఉంటే ఏదో ఒకటి అనేసేది.

వర్దొయో ఈ నెలాఖరుతో కర్రసామాను ఫ్యాక్టరీ మానేస్తున్నానని చెప్పేశాడు. పాత కారులో పెళ్ళికూతుర్ని ఊరేగించడమంటే సెమరాంగ్‌లో ఇప్పుడు అందరికీ మోజు. ఉంగారాన్ కొండ మీద ఒక పెళ్ళికి అప్పుడే మాట కూడా ఇచ్చాడు. అటు కింద ఊళ్ళో కినాసి అమ్మ ఉంది. సముద్రపు పోటు ప్రతి ఏడూ ఆ సందులోకి ఇంకాస్త లోపలికి వస్తోంది. అమ్మ మంచం ఇటుకల మీద నిలబెట్టారు. ఈ కారు అమ్ముడైతేనే అమ్మ గది నేల ఎత్తు చేయించగలడు సుగెంగ్. ఇవాళ మధ్యాహ్నం అందరూ కారులో అమ్మ దగ్గరికి వెళ్ళాలి, అమ్మ చేతుల మీదుగా వర్దొయో తాళాలు అందుకోవాలి. మగవాళ్ళ ఏర్పాటు అది. రింతిక్ ముందు సీట్లో కూర్చుంటుందట.

అంటే గొంబెల్ కొండ దిగుడు. బస్సులో దిగేటప్పుడే కినాసి కళ్ళు మూసుకునే దిగుడు.

"వాసనొస్తోంది," అంది చివరికి.

"ఏం వాసన?"

"లోపల. సీటు కింద కమ్మటి వాసనేసే పాందాన్ ఆకులు కట్టి పెట్టారు."

వర్దొయో నవ్వాడు. "ఊళ్ళో ప్రతి టాక్సీలో ఉంటుంది పాందాన్ ఆకు. దానికా నువ్వు నిన్న అంత రాద్ధాంతం చేశావు?"

టాక్సీ వాళ్ళు ఆకులు ఊరికే రబ్బరు బిగించి పడేస్తారు. ఇవి అలా లేవు. రెండు మెలికలు తిప్పి, కొస లోపలికి దోపిన ముడి. ఆ ముడి అమ్మది. పోటు నీళ్ళు ఇంట్లోకి రావడం మొదలైనప్పటినుంచీ అమ్మ పరుపుల కింద, బీరువా అరల్లో, ఆఖరికి నమాజు చాప మడతలో కూడా ఆ ముడి పెడుతుంది. ఆ ఉప్పు కంపు పోవడానికి.

కారులోనూ అమ్మే పెట్టింది. ఎందుకు పెట్టిందో కినాసి తనలో తను కూడా అనుకోలేదు.

వంగి ముందు చక్రం వైపు చూసింది. చక్రం కింద ఒక ఇటుక ఉంది. నిన్న కారు దిగగానే సుగెంగ్ డిక్కీ తెరిచి, ఆ ఇటుక తీసి, కాలితో చక్రం కిందికి నెట్టాడు. "అలవాటు," అన్నాడు. కారంతా తడిమి చూసిన వర్దొయో ఆ ఇటుక జోలికి మాత్రం పోలేదు. పెద్దవాడు పెట్టింది. అది తీసి బ్రేకు పరీక్ష చేస్తే ఆయన మాట మీద నమ్మకం లేనట్టుంటుందని మొహమాటం.

ఇటుక అంచులకి తెల్లగా ఉప్పు పూసి ఉంది.

*

సుగెంగ్ కూర కూరి వేయించిన లుంపియా చుట్టల పొట్లం ఊపుకుంటూ వచ్చాడు. గేట్లో నుంచే కేక.

"ఏం వర్దో! రాత్రి కొత్త పెళ్ళాంతో కాపురం ఎలా ఉంది?"

"మీ చెల్లెలి కంటే తక్కువ గురక పెట్టింది, మస్."

"మా చెల్లెలు గురక పెడుతుందా? మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునేది. నీ దగ్గరికొచ్చి పాడైంది."

రింతిక్ వెళ్ళి అతని మోకాళ్ళు పట్టుకుంది. ఎత్తుకుని గాల్లో తిప్పాడు. అతని నవ్వులో తేడా ఏమీ లేదు. కానీ పిల్లని దించుతూ దించుతూ, ఎవరూ గమనించరన్నట్టు, కాలి బొటనవేలితో ఇటుకని ఒకసారి నొక్కి చూశాడు. అది కదల్లేదు. అప్పుడు మెట్ల మీద కూర్చున్నాడు.

కినాసి చూసింది.

"మస్," అంది, లుంపియాలు పళ్ళెంలో సర్దుతూ. "దీనికెప్పుడైనా నీళ్ళు తగిలాయా?"

"తగలకేం? ఆదివారం ఆదివారం నేనే తలంటి పోస్తాను. నీకన్నా దానికే ఎక్కువ స్నానాలు."

వర్దొయో పగలబడి నవ్వాడు. సుగెంగ్ కూడా నవ్వాడు, అయితే వర్దొయో వైపు చూసి నవ్వాడు. చెల్లెలి వైపు చూడలేదు.

సుగెంగ్ అబద్ధం ఆడడు. చిన్నప్పటినుంచీ అంతే. నిజాన్నే పట్టుకుని కొంచెం పక్కకి తిప్పి నిలబెడతాడు. ఒకసారి అమ్మ పింగాణీ గిన్నె పగిలినప్పుడు "నువ్వు పగలగొట్టావా?" అని అమ్మ అడిగితే, "నేను దాన్ని ముట్టుకుంటే నా చెయ్యి విరిచేస్తానన్నావుగా, చూడు, నా చెయ్యి బాగానే ఉంది," అన్నాడు. అమ్మ నవ్వేసింది. తిట్లు కినాసికి పడ్డాయి.

"మీ చెల్లెలికి భయం, మస్," అన్నాడు వర్దొయో. "బండికే కాదు. దేనికైనా సరే."

"ఉండనీ. భయపడేవాళ్ళు ఒకరుండాలి ఇంట్లో." సుగెంగ్ లుంపియా కొరికి, చాలాసేపు నమిలాడు. "అమ్మ పొద్దుటినుంచీ వంటలో ఉంది, కినా. నీకిష్టమని కొబ్బరి కూర కూడా చేస్తోంది. ఆలస్యం చెయ్యొద్దంది."

అమ్మ పేరు ఎత్తాల్సిన చోట ఎత్తాడు. కినాసి పళ్ళెం అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

*

వెనక గుమ్మంలో సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది. దర్మి బూదె. అమ్మవాళ్ళ సందులోనే ఉంటుంది. కషాయం సీసాలు బుట్టలో పెట్టి వీపున కట్టుకుని, పొద్దున్నే బస్సెక్కి పై ఊరికి అమ్మకానికి వస్తుంది. ఆ సందులో చిన్నాపెద్దా అందరికీ ఆమె బూదె, పెద్దమ్మ.

"ఏమే, మొహం అలా పీక్కుపోయింది? పసుపూ చింతపండూ పొయ్యనా, చేదు పొయ్యనా?"

"చేదే పొయ్యండి, బూదె."

"చేదు అడిగి తాగుతోందంటే మొగుడితో మాటల్లేవన్నమాట." గ్లాసు నింపి ఇచ్చింది. "రాత్రి దెబ్బలాట పసుపుతో పోతుంది. పొద్దుటిది పోవాలంటే చేదే."

కినాసి ఒక్క గుక్కలో తాగేసింది. మొహం కూడా చిట్లించలేదు. బూదె ఆశ్చర్యంగా చూసింది.

"అది సరేగానీ, ముందు వాకిట్లో గెంబుల్‌ని చూశానే! ఎలా మెరుస్తోందో! మీరు కొంటున్నారని మీ అమ్మ చెప్తే సంతోషించాను. బయటికి పోకుండా ఆడపిల్ల ఇంటికే వచ్చింది. ఆ రోజు మీ అమ్మ పెట్టిన అన్నం ఊరికే పోలేదు."

"ఏ అన్నం?"

"అదేనే, గెంబుల్ పేర పెట్టింది. సందులో మగాళ్ళనందర్నీ పిలిచారు కదా. మా ఆయన తెచ్చిన పొట్లంలో గుడ్డు కూడా ఉంది. సగం కాదు, మొత్తం గుడ్డు! మీ అమ్మ చెయ్యి పెద్దది. నీకు కూడా బెర్కత్ అన్నం పంపించిందిగా?"

పంపించింది. అరిటాకు పరిచిన అట్టపెట్టె. పసుపన్నం, గుడ్డు, కొబ్బరి కలిపిన ఆకుకూర. సుగెంగే తెచ్చి ఇచ్చాడు. ఎందుకని అడిగింది. "క్షేమంగా ఉన్నందుకు," అన్నాడు. ఎవరు క్షేమంగా ఉన్నందుకో తను అడగలేదు. మళ్ళీ నిజాన్ని పక్కకి తిప్పి నిలబెట్టాడు. ఆ అన్నం ముద్దలు చేసి రింతిక్‌కి తినిపించింది.

"బూదె, ఆ అన్నం ఎందుకు పెట్టారు?"

"నీకు చెప్పలేదా?" బూదె గ్లాసు కడుగుతూ ఆగింది. "ప్రార్థన చేసిన పెద్దాయన అన్నం ముందు కూర్చుని అందరూ వినేటట్టు చెప్పాడంట కదా. 'పోటులో మునిగిన బండి మళ్ళీ నడిచింది. ఇకమీదట దీన్ని ఎక్కినవాళ్ళు క్షేమంగా దిగాలి' అని. అందరూ ఆమీన్ అన్నారంట."

"ఎందాకా మునిగింది?"

"సీట్లు కనపడలేదే. నేనే చూశాను. గెంబుల్ నీళ్ళలో కూర్చున్న గేదెలా ఉందని మీ అన్నయ్యని ఏడిపించాం కూడా..." బూదె కినాసి మొహం చూసి మాట మింగేసింది. "అయ్యో. నేనేమైనా అనకూడనిది అన్నానేమిటే?"

"లేదు, బూదె. మంచి మాటే చెప్పారు."

అన్నం పెట్టేటప్పుడు ఎందుకు పెడుతున్నారో పైకి చెప్పి తీరాలి. కారణం దాచి పెట్టిన అన్నానికి ఫలం దక్కదు. తుప్పు మీద రంగు వేశారు. కంపు కింద ఆకు ముడి పెట్టారు. ఆ ఒక్క మాట మాత్రం సందంతా పంచిపెట్టేశారు, గుడ్డుతో సహా. అప్పటికి కారు అమ్మే ఆలోచన లేదు కాబోలు.

బూదె సీసాలు వీపున వేసుకుని, డబ్బులు కూడా అడక్కుండా వెళ్ళిపోయింది.

*

నీళ్ళ తొట్టి పైపు పట్టేసిందని చెప్పి సుగెంగ్‌ని వెనక్కి పిలిచింది. అతను వచ్చాడు. తొట్టి వైపు చూశాడు. పైపులో నీళ్ళు ధారగా పడుతున్నాయి. చెల్లెలి వైపు చూశాడు.

"బూదె వచ్చి వెళ్ళింది," అంది కినాసి.

సుగెంగ్ తొట్టి అంచు మీద కూర్చున్నాడు. నవ్వు ఎక్కడికో పోయింది. నవ్వు లేని అన్నయ్య మొహం నాన్న మొహంలా ఉంటుందని ఆమెకి మొదటిసారి తెలిసింది.

"కారు అడుగు రేకు మొత్తం కొత్తది వేయించాను," అన్నాడు. "ఇంజన్ విప్పించి కడిగించాను. వైర్లు మార్చాను. ఊరికే రంగు పూసి మీ నెత్తిన పెట్టట్లేదు, కినా."

"బ్రేకులు?"

"పడుతున్నాయి."

"ఎక్కడ పడుతున్నాయి?"

"కింద ఊళ్ళో... రోజూ నడుపుతున్నాను కదా. నాకేమైంది?"

"కింద ఊరంతా చదును, మస్. అక్కడ బ్రేకు లేకపోయినా కాలు అడ్డం పెడితే ఆగుతుంది. గొంబెల్ దిగి చూశావా?"

"నిన్న అదే దారిన వచ్చాను."

"ఎక్కావు. ఎక్కడం గురించి అడగలేదు. దిగావా?"

సుగెంగ్ తొట్టిలో పడుతున్న నీళ్ళకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇటుక ఎందుకు తెచ్చావు?"

సుగెంగ్ తల దించుకున్నాడు.

"చదునులో ఉండేవాళ్ళకి చక్రం కింద ఇటుక పెట్టే అలవాటెక్కడిది? డిక్కీలో పెట్టుకుని మోసుకొచ్చావు. అంటే నీకు తెలుసు."

"చేతిబ్రేకు ఒక్కటే. దాని తీగ పట్టుకోదు. ఉప్పు తినేసింది. లాగితే లాగినట్టే ఉంటుంది, కాసేపటికి జారుతుంది." గొంతు తగ్గించాడు. "కాలి బ్రేకు గొట్టాలు వెనకవి మార్చలేదు. పైకి బాగానే ఉన్నాయి. లోపల... లోపల ఎలా ఉన్నాయో నేను చూడలేదు."

"చూడలేదా, చూస్తే తెలుస్తుందని చూడలేదా?"

అతను చటుక్కున తలెత్తాడు. "అమ్మ ఎలా పడుకుంటోందో చూశావా నువ్వు? పండక్కి వస్తావు, తింటావు, పై ఊరికి వచ్చేస్తావు. పోటు వచ్చినప్పుడు మంచం దిగడానికి వీల్లేక గిన్నె అడుగుతుంది. నేను పట్టుకుంటాను ఆ గిన్నె. తల తిప్పుకుని పట్టుకుంటాను. ఇంకో రెండు ఇటుకలు పెడితే మంచం కప్పుకి తగుల్తుంది."

కినాసికి ఆ మాట తెలీదు. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

"చెప్తే సాయం చేసేవాళ్ళం కదా, మస్."

"మీ ఆయన ఫ్యాక్టరీ మానేసి నా మాట మీద బతుకు మొదలుపెడుతున్నాడు. ఆయన్ని ఏం సాయం అడగమంటావు?" తొట్టి అంచు దిగాడు. "ఒక్క వారం ఆగు. ఇవాళ తాళాలు అందుకోనీ. పనివాళ్ళు నేల మొదలుపెట్టనీ. గొట్టాలు నేనే మార్పిస్తాను. వర్దోకి చెప్పకు. నీ చేతులు పట్టుకుంటాను."

నిజంగానే పట్టుకున్నాడు. అన్నయ్య చేతులు చల్లగా ఉన్నాయి.

"ఇవాళ రింతిక్ ముందు సీట్లో కూర్చుంటుంది," అంది కినాసి.

"నేను నడుపుతాను. మెల్లగా. గేర్లోనే దింపుతాను."

"రింతిక్ ముందు సీట్లో కూర్చుంటుంది, మస్."

అదే మాట రెండోసారి వినేసరికి సుగెంగ్ చేతులు వదిలేశాడు.

అప్పుడే ముందు వాకిట్లో ఇంజన్ మొదలైంది.

*

చెప్పుల్లేకుండానే పరుగెత్తింది. మాడిన టెంపె కంపు నిండిన వంటిల్లు, ముందు గది, గుమ్మం.

గేటు బార్లా తీసి ఉంది. కారు గేటు అంచుదాకా వచ్చి నిలబడింది. రింతిక్ ముందు సీట్లో మోకాళ్ళ మీద నిలబడి, సీటు కింద దొరికిన పాందాన్ ముడిని జెండాలా ఊపుతోంది. ఇటుకని వర్దొయో మర్యాదగా పక్కకి తీసి గోడవార పెట్టాడు. చేతిబ్రేకు గట్టిగా లాగాడు, ఇంజన్ ఆపకుండానే తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టాడు. ముఖంలో నవ్వు. భార్యకి చూపించాలని. చూడు, ఎంత బుద్ధిగా నిలబడిందో అని చెప్పాలని.

అతను గుమ్మం వైపు చూస్తున్నాడు. కినాసి చక్రం వైపు చూస్తోంది.

చక్రం మీది మట్టి మరక పైన ఉండాల్సింది, కొంచెం ముందుకొచ్చింది. ఇంకొంచెం వచ్చింది.

"మస్!"

ఇద్దరూ తలతిప్పారు.

ఒకడు ఎటూ కదల్లేదు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. ఇంకొకడు ఆమెని తోసుకుంటూ వెళ్ళి, గోడవార ఇటుక లాక్కుని, మోకాళ్ళ మీద పడి, రెండు చేతులతో చక్రం కిందికి గుద్దాడు. ఇటుక కీచుమంది. కారు దాని మీదికి ఒరిగి ఆగిపోయింది.

కినాసి కిటికీలోంచి పిల్లని లాగేసుకుంది. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. రింతిక్‌కి ఏడుపు రాలేదు. తల్లి గుండె అంత గట్టిగా కొట్టుకోవడం వింతగా ఉండి, అక్కడ చెవి ఆనించి వింటోంది.

వర్దొయో ఇంజన్ ఆపాడు. చేతిబ్రేకు వైపు చూశాడు. అది పైకి లాగినట్టే ఉంది. ఒకసారి ముట్టుకుని చూశాడు. తర్వాత దిగి వచ్చి, ముందు చక్రం దగ్గర నిలబడ్డాడు. సుగెంగ్ ఇంకా లేవలేదు. ఒక చెయ్యి ఇటుక మీదే ఉంది.

"మస్," అన్నాడు వర్దొయో. గొంతులో కోపం లేదు. అర్థం కాని పాఠం అడిగే పిల్లాడిలా అడిగాడు. "బ్రేకు వేసే ఉంది కదా. మీరు నా వైపు కూడా చూడలేదు. తిన్నగా ఇటుక కోసం ఎందుకు పరుగెత్తారు?"

సుగెంగ్ ఇటుకని ఇంకాస్త లోపలికి నొక్కాడు.

వర్దొయో భార్య వైపు తిరిగాడు. "నువ్వెందుకు అరిచావు?"

ఇప్పుడు ఏదైనా అనొచ్చు. పిల్ల పడిపోతుందనిపించింది అనొచ్చు. నాకు ఎప్పుడూ భయమే కదా అనొచ్చు. అతను నమ్ముతాడు. ఇన్నేళ్ళుగా ఆమె భయాన్ని నమ్మినట్టే నమ్ముతాడు. అమ్మ ఈ వేళకి కొబ్బరి తురుముతూ ఉంటుంది, ఇటుకల మంచం మీద కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి.

"నీకు తెలుసా?" అన్నాడు వర్దొయో.

పిల్లని చంకలో పైకి సర్దుకుంది.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నేను చెప్పను." ఆమె భర్త వైపు చూడలేదు. నేల మీది మనిషిని చూస్తూ అంది: "అన్నం ముందు పెద్దాయన చెప్పిన మాట ఉందిగా, మస్. సందంతా విన్నది. ఈ ఇంట్లోనే ఎవరూ వినలేదు. లేచి నిలబడి, అదే గట్టిగా చెప్పు."

సుగెంగ్ మెల్లగా లేచాడు. అరచేతులకి ఇటుక ఉప్పు తెల్లగా అంటింది. వర్దొయో ఎదురు చూస్తున్నాడు. సందులో ఎవరో సైకిల్ ఆపి చూస్తున్నారు.

"చెప్తాను," అన్నాడు సుగెంగ్. చెల్లెలి కళ్ళలోకి ఇవాళ మొదటిసారి చూశాడు. "వర్దోకి నేనే చెప్తాను. మరి నేల పని లేదని అమ్మకి ఎవరు చెప్తారు, కినా?"